ఏటి దారులు, కొండ దారులు
ఉత్తరాంధ్రమున సైకిలు యాత్రలను గూర్చి

సైకిలు మన ప్రాంతమున ఎవరికిని క్రొత్త వస్తువు కాదు. పాలు పోయువాడు, తపాలా మనిషి, బడికి పోవు పిల్లవాడు, వెనుక గంప కట్టుకొని ఊరూర చేపలమ్మువాడు, అందరును దానిని ఎరుగుదురు. అయితే పని కొరకు సైకిలు త్రొక్కువారే గాని, దేశము చూచుటకు త్రొక్కువారు మనలో మిక్కిలి తక్కువ. దేశము చూడవలెనన్నచో బస్సో రైలో గుర్తు వచ్చును. బస్సులో పోవువానికి ఊళ్ళు కనబడును గాని, వాని నడుమనున్న నేల తెలియదు. నడచిపోవువానికి నేల తెలియును గాని, సాయంకాలమునకు దూరపు ఊరు చేరుట కష్టము. గంటకు 12 మొదలు 15 కిలోమీటర్లు పోవు సైకిలు ఈ రెంటికిని నడిమిది. శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములలో అట్లు తిరుగదలచినవారికి ఏ దారి ఎట్టిదో, ఎందువలన అట్టిదో, ఎచట జాగ్రత్త వహింపవలెనో ఈ ప్రసంగమున చెప్పబూనితిమి.

మొదట నేల తీరు తెలిసికొందము. పాలనకొరకు గీసిన హద్దులు మారుచు వచ్చినవి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళము జిల్లా విశాఖపట్టణము జిల్లానుండి వేరుపడెను. 1979 జూన్ 1న విజయనగరము జిల్లా ఏర్పడెను. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురము, పాలకొండ, సాలూరు ప్రాంతములు పార్వతీపురము మన్యము జిల్లాగా రూపొందినవి. నేల మాత్రము ఈ హద్దులను పాటింపదు. అది సముద్రమునుండి లోనికి మూడు పట్టెలుగా నున్నది. మొదటిది ఇసుకదిబ్బలు, జీడితోటలు, కొబ్బరితోటలు గల తీరము. రెండవది చెరువులతోను, విడివిడిగా నిలిచిన బోడికొండలతోను నిండిన మైదానము. మూడవది తూర్పు కనుమలు. ఈ మూడు పట్టెలను చీల్చుకొని నాగావళి, వంశధార, చంపావతి, గోస్తని మొదలైన ఏరులు వాయవ్యమునుండి ఆగ్నేయమునకు దిగి బంగాళాఖాతమున కలియుచున్నవి.

సైకిలువానికి కావలసిన మొదటి సూత్రము ఇందే యున్నది. ఏటి వెంట పోయినచో దారి చదునుగా నుండును. ఒక ఏటిని విడిచి మరియొక ఏటికి పోయినచో నడుమ మెట్ట నెక్కవలసి వచ్చును. ఒక్క లెక్క చూడుడు. పార్వతీపురము సముద్రమట్టమునకు సుమారు 120 మీటర్ల ఎత్తున నున్నది. అచటినుండి పాలకొండ మీదుగా శ్రీకాకుళమునకు 80 కిలోమీటర్లకు పైబడిన దూరము. అంత దూరమునకు దారి మొత్తముమీద దిగునది నూరు మీటర్లే. అనగా వేయి మీటర్లకు ఒక మీటరు చొప్పున మాత్రమే వాలు. కన్ను ఆ వాలును పట్టజాలదు. కాని దిగువకు పోవునపుడు మోకాళ్ళకు తెలియును.

ఎక్కుడును గూర్చియు ఒక లెక్క చెప్పుదుము. మనిషి, సైకిలు, మూట కలిపి 80 కిలోల బరువనుకొందము. నూరు మీటర్లకు అయిదు మీటర్లు లేచు దారిపై ఎక్కునపుడు ఆ బరువులో ఇరువదవ వంతు, అనగా 4 కిలోల బరువు, మనలను ఎడతెగక వెనుకకు లాగుచుండును. చదునున నెమ్మదిగా పోవునపుడు టైరు రాపిడియు గాలియు కలిసి అడ్డుపడునది కిలోన్నర ప్రాంతము మాత్రమే. కనుక చూపునకు చిన్నదిగా తోచు ఎక్కుడు సయితము శ్రమను మూడు నాలుగింతలు చేయును.

గేర్లు ఈ శ్రమను తగ్గింపవు. దానిని చిన్న చిన్న భాగములుగా పంచును. మన ఊళ్ళలో వాడు మామూలు నల్ల సైకిలుకు ముందు 44 పళ్ళును, వెనుక 18 పళ్ళును ఉండుట కద్దు. పెడలు ఒక్క చుట్టు తిరిగినచో చక్రము సుమారు రెండున్నర చుట్లు తిరిగి, సైకిలు 5 మీటర్లకు పైగా ముందునకు పోవును. మైదానమున ఇది చక్కని అమరిక. కొండదారిని మాత్రము ప్రతి త్రొక్కునకు కాళ్ళపై మోయరాని భారము పడును. గేర్ల సైకిలులో ముందు 28 పళ్ళు, వెనుక 32 పళ్ళు పడునట్లు మార్చుకొన్నచో పెడలు ఒక్క చుట్టునకు సైకిలు 2 మీటర్లకు లోపే కదలును. బండి మెల్లగా పోవును గాని ఆగదు. గేర్లు లేనివారు చింతింప నక్కరలేదు. దిగి నడిపించుకొనిపోవుట చిన్నతనము కాదు. మన కొండదారులలో సామాను కట్టిన సైకిళ్ళను అట్లు నడిపించుకొనిపోవువారిని నేటికిని చూడవచ్చును.

ఇక దారులు. తొలి యాత్రకు మేము సూచించునది నాగావళి దారి. ఈ ఏటికి లాంగుల్య యనియు పేరు. లాంగలమనగా నాగలి. బలరాముడు తన నాగలితో నేలను చీల్చి ఈ ఏటిని పారించెననియు, దాని ఒడ్డున అయిదు శివలింగములను ప్రతిష్ఠించెననియు స్థలపురాణము. వానిలో మొదటిది ఒడిశాలోని పాయకపాడున నున్నది. మిగిలిన నాలుగును మనవైపు వరుసగా కలవు. ఝంఝావతి వచ్చి నాగావళిలో కలియు గుంపయొద్ద సోమేశ్వరుడు, సువర్ణముఖి వేగవతులు కలియు సంగాముయొద్ద సంగమేశ్వరుడు, శ్రీకాకుళమున ఉమారుద్ర కోటేశ్వరుడు, ఏరు సముద్రమున పడు కల్లేపల్లియొద్ద మణినాగేశ్వరుడు. పురాణమును నమ్మినను నమ్మకున్నను, ఈ వరుసను మించిన సైకిలు పటము మరియొకటి లేదు. ఏరు ఎచట మరియొక ఏటిని కలుపుకొని బలియునో అచట గుడి యున్నది. నీరు, నీడ, కూర్చుండుటకు అరుగు అచట దొరకును. ఈ దారిలోనే తోటపల్లి బారేజి కలదు. 1908లో కట్టిన పాత రెగ్యులేటరుకు తోడుగా నిర్మించిన ఈ బారేజి 2015లో వాడుకలోనికి వచ్చెను. పార్వతీపురమువరకు రైలులో పోయి, సైకిలుపై దిగువకు వచ్చి, ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో మరల రైలెక్కినచో రెండు దినములలో సుఖముగా ముగియు యాత్ర ఇది.

రెండవది వంశధార దారి. ఇది కళింగపట్టణమున సముద్రపుటొడ్డున మొదలగును. ఒకనాటి ఈ రేవునకు కొంత ఎగువన, ఏటి దక్షిణపు గట్టున శాలిహుండము కొండపై బౌద్ధ స్తూపముల శిథిలములు కలవు. పైకెక్కి చూచినచో ఏరు, సముద్రము, వరిచేలు ఒక్క చూపులో నిలుచును. అచటినుండి నరసన్నపేటవైపు దాటి శ్రీముఖలింగము చేరవచ్చును. తూర్పు గాంగుల కాలపు ఆలయములు అచట కలవు. ఈ ముఖలింగమునకు సమీపమునగల పర్వతాలపేటలోనే 1863లో గిడుగు వేంకట రామమూర్తిగారు జన్మించిరి. ఇంకను ఎగువకు పోయినచో హిరమండలముయొద్ద గొట్టా బారేజి, ఆ పైన కొత్తూరు, భామిని. అంతవరకును ఎక్కుడనదగిన ఎక్కుడు లేదు. తీరమునకు దగ్గరలో పగటివేళ నేల వేడెక్కిన పిమ్మట సముద్రపు గాలి లోనికి వీచును. కావున మధ్యాహ్నము ఎగువకు పోవువానిని గాలియే వెనుకనుండి నెట్టును. తెల్లవారుజామున దిగువకు వచ్చువానికి నేలనుండి వీచు గాలి కొంత తోడగును. ఈ రెంటిని తారుమారు చేసికొన్నవాడు చదును దారిపైనే కొండ నెక్కినంత అలసిపోవును.

మూడవది ఈ రెండు ఏరులను కలుపు దారి. పాలకొండనుండి సీతంపేట మీదుగా కొత్తూరునకు పోవునది. ఇందాక చెప్పిన సూత్రము ఇచట కండ్లకు కట్టును. పాలకొండ నాగావళి వైపు నున్నది. కొత్తూరు వంశధార వైపు నున్నది. నడుమ కొండలు. ఇది ఘనమైన ఘాటు కాదు గాని, మలుపులు, అడవి, ఎక్కుదిగుడులు అన్నియు కలవు. ఇది సవరల, జాతాపుల దేశము. వాలులలో పోడు చేలు, జీడితోటలు, అనాసతోటలు కనబడును. సంతరోజున వచ్చినవారికి అనాసపండ్లు, చింతపండు, కొండచీపుళ్ళు, అడ్డాకులు, కందులు, చోళ్ళు గంపలతో కొండ దిగివచ్చుట కనబడును. గిరిజనులు వర్తకుల చేత మోసపోకుండ వారి అటవీ ఫలములను కొనుటకు 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడెను.

సవరల మాటను పుస్తకములకెక్కించినవారు గిడుగువారే. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నున్న కాలమున వారు సవర భాష నేర్చి, 1931లో దాని వ్యాకరణమును, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించిరి. ఆ కొండలలో తిరుగుచు మలేరియా బారినపడి, క్వినైను వాడుటచేత వినికిడి కోల్పోయిరని వారి చరిత్రకారులు చెప్పుదురు. పరుల నాలుకమీది మాట వినుటకు పోయి స్వంత చెవులను పోగొట్టుకొనిన మహనీయుని తలచుకొనుట ఒక లాభము. దోమతెర మరువకుండుట రెండవ లాభము. కొండప్రాంతమున రాత్రి బసచేయువారు నేటికిని మలేరియాను తేలికగా తీసికొనరాదు.

నాలుగవది పార్వతీపురమునుండి కురుపాము మీదుగా గుమ్మలక్ష్మీపురము వైపు పోవు దారి. కొండల నడుమ లోయలు విప్పారి మిక్కిలి సుందరముగా నుండును. ఈ లోయల చరిత్ర మాత్రము మృదువైనది కాదు. అప్పుల క్రింద భూములు పోగొట్టుకొనిన గిరిజనులు సంఘములు కట్టుకొని నిలిచిన నేల ఇది. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు పోవుచుండిన వారిలో కోరన్న, మంగన్న అను ఇరువురు లేవిడియొద్ద తుపాకి గుండ్లకు బలియైరి. తరువాతి సంవత్సరములలో ఈ కొండలు పెద్ద పోరాటమునకును, అంత పెద్ద అణచివేతకును సాక్షులైనవి. 1970 నాటి ఒకటవ నిబంధన షెడ్యూల్డు ప్రాంతమున గిరిజనేతరుల పేర భూమి బదిలీ యగుటను నిషేధించినది. అందమైన దారిలో పోవువాడు ఆ దారి ప్రక్కనున్న చేను ఎవరిదో, అది వారికెట్లు మిగిలినదో తెలిసికొని పోవుట మేలు.

ఈ దారిలో మరియొక జాగ్రత్త. ఒడిశా అడవులనుండి దిగివచ్చిన ఏనుగులు కొన్ని సంవత్సరములుగా కొమరాడ, గరుగుబిల్లి, జియ్యమ్మవలస ప్రాంతముల పొలములలో తిరుగుచున్నవి. అవి ఏ దినమున ఎచటనున్నవో ఊరివారికిని అటవీశాఖవారికిని తెలిసియుండును. అడిగి తెలిసికొనకుండ చీకటి పడిన పిదప గాని, వేకువజామున గాని ఆ ప్రక్క పోరాదు. సైకిలు చప్పుడు చేయదు. అదే ఇచట దాని లోపము.

అయిదవది మహేంద్రగిరి పాదముల వెంట పోవు దారి. పాతపట్నమునుండి మెళియాపుట్టి మీదుగా మందసకు. 1,501 మీటర్ల ఎత్తు గల మహేంద్రగిరి ఒడిశా హద్దులోనిదైనను, దాని నీడ మనవైపు పడును. ఈ కొండనుండియే మహేంద్రతనయ పుట్టుచున్నది. పాతపట్నము మీదుగా నౌపడానుండి గుణుపురమునకు పోవు రైలు ఒకప్పుడు చిన్నపట్టాలపై నడచిన పర్లాకిమిడి రాజావారి రైలు. పర్లాకిమిడివరకు 1900లో నడువసాగిన ఈ మార్గమును 2004లో ఆపి పెద్దపట్టాలు వేసిరి. 2011లో అది గుణుపురమువరకు మరల నడచినది. మందస చేరినవారు వాసుదేవ పెరుమాళ్ళ ఆలయమును చూచి, మందస కోవా రుచి చూడక వచ్చుట లోకమర్యాద కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాసకు సమీపమున తీరము దాటి ఈ ఉద్దానపు కొబ్బరి, జీడితోటలను నేలమట్టము చేసినది. తోటలు మరల లేచుచున్నవి. దారి ప్రక్కల చెట్ల వయస్సును పరికించినచో తుఫాను ఎచట గట్టిగా తాకినదో తెలియును. ఈ జీడితోటలలో ఎలుగుబంట్లు తిరుగును గనుక సందెవేళ తోటలలోనికి పోరాదు.

చివరిది నిజమైన ఘాటు. శృంగవరపుకోటనుండి అనంతగిరి మీదుగా అరకులోయకు. అరకు 2022నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. దారి మైదానమునుండి వేయి మీటర్ల పైచిలుకు ఎత్తునకు లేచును. క్రింద మామిడితోటలు, నడుమ దట్టమైన అడవి, పైన మిరియపు తీగలు ప్రాకిన చెట్లనీడలో కాఫీతోటలు, గాలికొండ ప్రాంతమున గడ్డి తప్ప మరేమియు లేని బోడులు. బొర్రా గుహలు ఈ దారికి సమీపముననే కలవు. గోస్తని పుట్టుక ఈ కొండలలోనిదే. 80 కిలోల బరువును వేయి మీటర్లు ఎత్తుటకు కావలసిన పని మన శరీరము చేయవలెనన్నచో సుమారు 800 కేలరీల ఆహారము దానికే చెల్లును. కావున కడుపునిండ చల్దన్నమో చోడి అంబలియో త్రాగి బయలుదేరవలెను. దారిలో బెల్లము, వేరుసెనగలు, అరటిపండ్లు దగ్గరనుంచుకొనవలెను. సాలూరునుండి సుంకి మీదుగా పొట్టంగికి పోవు ఘాటును మాత్రము మేము సిఫారసు చేయము. అది విజయనగరమునుండి రాయపురమునకు పోవు జాతీయ రహదారి. లారీల రాకపోకలు అధికము. మలుపులలో సైకిలునకు చోటుండదు.

ఎక్కుట కష్టమని అందరును ఎరుగుదురు. ప్రాణాపాయము మాత్రము దిగుటలో నున్నది. వేయి మీటర్లు ఎక్కి కూడబెట్టిన శక్తి యంతయు దిగునపుడు ఎచటికో పోవలెను. అందు కొంత గాలిలో కలియును. తక్కినది బ్రేకులలో వేడిగా మారును. మొత్తము లెక్కించినచో అది 2 లీటర్ల చన్నీటిని మరగబెట్టుటకు చాలిన వేడి. బ్రేకును ఒకే పట్టుగా పట్టినవాని రిమ్ము కాలి, ట్యూబు పగులవచ్చును. కొంతసేపు గట్టిగా పట్టుచు, కొంతసేపు వదలుచు, ముందు వెనుక బ్రేకులను మార్చి మార్చి వాడవలెను. మలుపునకు ముందే వేగము తగ్గింపవలెను, మలుపులో కాదు. వాన తడిసిన రిమ్ముపై బ్రేకు పట్టుటకు ఎక్కువ దూరము కావలెను. బ్రిటనులో 1878లో ఏర్పడిన సైకిలు యాత్రికుల సంఘమువారు మొదట చేసిన పనులలో ఒకటి, అపాయకరమైన కొండల శిఖరములయందు సైకిలువారిని హెచ్చరించు పలకలు నాటించుట. మోటారుకార్లు రాకపూర్వమే ఈ పలకలు వెలసినవి. మన ఘాటులలో హెచ్చరిక పలకలు నేడు మోటారులకొరకు నాటినవి. సైకిలువాడు వానిని ఇంకను శ్రద్ధగా చదువుకొనవలెను.

కాలము మాట. ఈ యాత్రలకు తగిన ఋతువు నవంబరు నడుమనుండి ఫిబ్రవరి వరకు. అక్టోబరు, నవంబరు మాసములలో బయలుదేరువారు వాతావరణశాఖవారి హెచ్చరికలను రేడియోలో విని మరి కదలవలెను. మన జిల్లాలు దేశపు ప్రామాణిక రేఖాంశమునకు తూర్పున నున్నవి. కావున గడియారము చూచుకొని మోసపోరాదు. డిసెంబరు నడుమ శ్రీకాకుళమున సాయంకాలము 5 గంటల 20 నిమిషములకే సూర్యుడస్తమించును. కొండల పడమటి నీడలో చీకటి ఇంకను ముందుగా దిగును. మధ్యాహ్నము 3 గంటలకు ఇంకను ఘాటు నడుమ నున్నవాడు ఆ దినమునకు యాత్ర ముగించి, వెనుకటి ఊరికి మరలుట వివేకము. వెంట నుండవలసినవి ఎన్నో లేవు. గాలిపంపు, రెండు ట్యూబులు, పంక్చరు సామాను, బ్రేకు కట్టెలు, చైను ముక్క, మూడు లీటర్ల నీరు, మంచి దీపము. తుమ్మముళ్ళు, ఆరబోసిన వరి, త్రోవనడ్డుకొను పశువులు, ఈ మూడును ప్రతి దారిలోను ఎదురగును. ఆరబోసిన ధాన్యముపై సైకిలు నడపరాదు. అది జారును, అంతేకాక అది ఒకరి యేడాది తిండి.

కడపటి మాట దారిని గూర్చియే. ఈ కొండలలో తారుదారి ఆగిన చోటునుండి పైకి కాలిబాట మాత్రమే గల పల్లెలు ఇంకను కలవు. నొప్పులు పడుచున్న స్త్రీని, జ్వరపడిన బిడ్డను బొంగునకు గుడ్డ కట్టిన డోలీలో మోసికొని దిగివచ్చుట అచట నేటికిని జరుగుచున్నది. యాత్రికుడు 4 కిలోల లాగుడునకే ఆయాసపడి ఆగిన వాలుపై వారు ఒక మనిషి బరువును భుజములపై పెట్టుకొని, జారకుండ, ఆలస్యము కాకుండ దిగవలెను. దారి ఎత్తును పటములో చూచినవానికి అది ఒక అంకె. సైకిలుపై ఎక్కినవానికి దాని అర్థము కొంత తెలియును. అచటి పల్లెలలో నీరడిగినచో లేదనరు. ఆగి, సైకిలు దిగి, పెద్దవారిని పలుకరించి, అడుగకుండ ఫొటో తీయక, ఇచ్చినది త్రాగి, పై ఊరికి దారి ఎంతవరకు పడినదో అడిగి తెలిసికొనుడు. తిరిగివచ్చిన పిదప ఆ సంగతిని తెలియవలసినవారికి తెలుపుడు.

తొలిసారి బయలుదేరువారు నాగావళి వెంట దిగుడు. కాళ్ళు కుదిరిన పిమ్మట సీతంపేట దాటుడు. అనంతగిరిని మూడవ యేటికి ఉంచుకొనుడు.